ముగింపు తెలిసిన కథలు

"ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ సీరియల్ ఏదైనా వుంటే చెప్పండి" అని అడిగేవారు నాకు తరచు తారసపడుతూ వుంటారు. కాలేజీ స్టాఫ్ రూములో అడుగుతారు. పెళ్ళి పందిట్లో అడుగుతారు. రైల్లో ఎదురు బెంచీమీది ఆవిడ పరిచయమైన పావుగంటకల్లా అడుగుతుంది. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని గనుక ప్రబంధాల సంగతో, నవలల సంగతో అడుగుతారనుకుంటాం. అబ్బే! ఎవరూ అడగరు. ఒక్కొక్కరికీ విడివిడిగా జాబితా అప్పజెప్పేకన్న, అదేదో ఒక్కసారి అచ్చులో పెట్టేస్తే అందరికీ సుఖం కదా అనిపించింది. అందుకే ఈ వ్యాసం.

సాహిత్యం చదువుకున్నవాళ్ళలో టెలివిజన్ పేరెత్తితే మొహం చిట్లించేవారు లేకపోలేదు. నాకా పట్టింపు లేదు. తాటాకుమీద వచ్చినా, కాగితంమీద వచ్చినా, గాజుతెరమీద వచ్చినా కథ కథే. ఒకనాడు నవలను చూసికూడా పెద్దలు ఇలాగే మొహం చిట్లించారు. ఆడపిల్లలు నవలలు చదివితే చెడిపోతారన్నారు. ఆ తరువాత ఆ ఆడపిల్లలే నవలలు వ్రాశారు. వాటిని వారం వారం అచ్చువేసి ఎన్నో పత్రికలు పచ్చగా బ్రతికాయి. కాబట్టి సీరియల్ చూడడం తప్పా, ఒప్పా అనే వాదంలోకి నేను దిగను. చూడడం ఎలాగూ తప్పడంలేదు. ఏది చూడాలి, ఎందుకు చూడాలి అన్నదే ఇక్కడి ప్రశ్న.

సశేషమూ, సమాప్తమూ

ఈ పత్రిక చదివేవారికి ధారావాహిక అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. తలుపు తట్టిన చప్పుడవుతుంది. కథానాయిక గడియమీద చెయ్యి వేస్తుంది. వెంటనే కింద 'సశేషం' అని మూడక్షరాలు! తలుపవతల ఎవరున్నారో తెలియాలంటే ఏడు రోజులు ఆగాలి. ఆ ఏడు రోజులూ ఇరుగమ్మ ఒకటి ఊహిస్తుంది, పొరుగమ్మ ఇంకొకటి ఊహిస్తుంది. ఆ ఊహల్లోనే సగం ఆనందం వుంది. అయితే ఒక్క సంగతి మరిచిపోకూడదు. వారపత్రికలో నవల ఎంత సాగినా ఏదో ఒక వారం 'సమాప్తం' అని అచ్చవుతుంది. మొదటి ప్రకరణం వ్రాసేనాటికే చివరి ప్రకరణం ఏ దిక్కుగా వున్నదో రచయితకు ఎంతోకొంత తెలిసి వుంటుంది.

మన టెలివిజన్ సీరియల్ కూడా మొదట్లో ఈ పద్ధతిలోనే నడిచింది. ఢిల్లీలో ప్రయోగాత్మకంగా టెలివిజన్ ప్రసారాలు మొదలైనది 1959 సెప్టెంబరు 15న. దేశమంతా ఒకేసారి ఒక కుటుంబకథను చూడడం మాత్రం 1984 జూలై 7న 'హమ్ లోగ్'తో మొదలైంది. మెక్సికో దేశంలో కుటుంబనియంత్రణ వంటి విషయాలను సీరియళ్ళలో కలిపి జనానికి నచ్చేలా చెప్పారు. ఆ పద్ధతి చూసి మనవాళ్ళు దీనిని తలపెట్టారు. మనోహర్ శ్యామ్ జోషి వ్రాశారు, పి. కుమార్ వాసుదేవ్ దర్శకత్వం వహించారు. తాగుబోతు తండ్రి, నోరులేని తల్లి, ఉద్యోగంలేని కొడుకు, పెళ్ళికాని కూతుళ్ళు. ప్రతి భాగం చివరా అశోక్ కుమార్ తెరమీదకు వచ్చి, ఇంటికి పెద్దదిక్కులా నాలుగు మాటలు చెప్పి వెళ్ళేవారు. 156 భాగాలు నడిచి 1985 డిసెంబరులో అది ముగిసింది.

ఈ 156 అనే అంకె వెనుక ఒక ముచ్చట వుంది. మూడు నెలలకు వారాలు పదమూడు. అందుచేత దూరదర్శన్ రోజుల్లో సీరియళ్ళను సాధారణంగా పదమూడేసి భాగాల లెక్కన మంజూరు చేసేవారు. 'హమ్ లోగ్' 156 అంటే పన్నెండు పదమూళ్ళు. రామానంద్ సాగర్ 'రామాయణ్' 78 అంటే ఆరు పదమూళ్ళు. 'మాల్గుడి డేస్' మొదటి విడత 39 అంటే మూడు పదమూళ్ళు. కథకుడికి ఇది ఒక కళ్ళెం. ఇన్ని వారాల్లో చెప్పవలసింది చెప్పి లేవాలి అని తెలిసినప్పుడు అనవసరమైన మాట నోట రాదు.

తరువాత ఉపగ్రహ చానళ్ళు వచ్చాయి. వారానికి ఒకటీ రెండూ పోయి, వారానికి అయిదూ ఆరూ అయ్యాయి. ఎంపిక చేసిన కొన్ని ఇళ్ళల్లో టెలివిజనుకు ఒక మీటరు తగిలిస్తారు. ఏ ఇంట్లో ఏ చానలు ఎంతసేపు చూశారో అది లెక్కగడుతుంది. 2015 నుంచి 'బార్క్' అనే సంస్థ ఈ లెక్కలు చూస్తున్నది. వారానికొకసారి అంకెలు వస్తాయి. ప్రకటనల ధర ఆ అంకెలనుబట్టి వుంటుంది. అంకె పెరిగితే కథ ఆపడానికి ఎవరికి చేతులు వస్తాయి? తరిగితే చచ్చిపోయిన ఆడబిడ్డ బ్రతికి వస్తుంది, లేని కవల పుట్టుకొస్తుంది, కథానాయకుడికి గతమంతా మరుపుకు వస్తుంది. తాళి కట్టబోయిన చెయ్యి సోమవారంనుంచి గురువారందాకా గాలిలోనే వుంటుంది! వ్రాసేవాళ్ళకు చేతకాక ఇలా చేస్తున్నారని నేననను. వెయ్యి భాగాలు దాటిపోయే కథకు ముగింపు ఎక్కడో వారికి ఎవరూ చెప్పలేదు. గమ్యం చెప్పకుండా బండి కట్టమంటే బండివాడు మాత్రం ఏంచేస్తాడు? ఊరిచుట్టూ తిప్పుతాడు.

ముగింపు ముందే తెలిసిపోతే రక్తి పోతుందనేవారున్నారు. వారికి నా జవాబు 'రామాయణ్'. 1987 జనవరి 25నుంచి 1988 జూలై 31దాకా ఆదివారం ఉదయం మన ఊళ్ళల్లో వీధులు ఖాళీ అయ్యేవి. హిందీ ముక్క రానివాళ్ళు కూడా కదలకుండా కూర్చుని చూశారు. రావణుడు చస్తాడని తెలియక చూశారా? హరికథలోనూ అంతే, బుర్రకథలోనూ అంతే, తోలుబొమ్మలాటలోనూ అంతే. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఎలా జరుగుతుందో చూడడానికి తెల్లవార్లూ కూర్చునేవారు. తరువాత ఏమవుతుందోనన్న ఆత్రుత కథకు పోపు మాత్రమే. పోపుతోనే కడుపు నిండదు.

నా తూనికరాళ్ళు

అందుచేత ఒక సీరియల్ చూడమని నలుగురికీ చెప్పేముందు నేను మూడు సంగతులు చూసుకుంటాను. మొదటిది, ఈ కథకు తన ముగింపు తెలుసునా? రెండవది, ఇందులోని మనుషులు ఏంచేసి బ్రతుకుతున్నారు? తెల్లవారి లేచింది మొదలు పట్టుచీరలు కట్టుకుని హాల్లో నిలబడి కుట్రలు పన్నే కుటుంబానికి పాలవాడి బాకీ ఎవరు తీరుస్తున్నారో నాకు తెలియాలి. మూడవది, చూడడం అయ్యాక ఇంట్లో మాట పుడుతుందా? తెర ఆరిపోగానే ఎవరి గదిలోకి వాళ్ళు పోతే ఆ కథ మనకు ఏమీ ఇవ్వలేదన్నమాట.

ఈ మూడింటికీ నిలిచినవి చాలానే వున్నాయి. వాటిలో ఆరింటిని మాత్రం ఇక్కడ చెబుతాను.

పిల్లలున్న ఇంటికి: 'మాల్గుడి డేస్'

ఆర్.కె. నారాయణ్ కథలను తీసుకుని 1986లో శంకర్ నాగ్ తీసిన సీరియల్ ఇది. నారాయణ్ ఊహించిన మాల్గుడి ఊరిని ఆయన కర్ణాటకలో, వానలకు పేరుపడ్డ ఆగుంబెలో నిలబెట్టాడు. నారాయణ్ తమ్ముడు, సుప్రసిద్ధ వ్యంగ్యచిత్రకారుడు ఆర్.కె. లక్ష్మణ్ బొమ్మలు వేశారు. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ చిన్న రాగం ఒకసారి చెవిన పడితే వారంరోజులు వదలదు. స్వామిగా మాస్టర్ మంజునాథ్, వాడి తండ్రిగా గిరీశ్ కర్నాడ్. నారాయణ్ నవలను సినిమాగా తీసిన 'గైడ్' ఆయనకు నచ్చలేదనీ, ఆ సంగతి ఆయన వ్యాసంగా వ్రాశారనీ సాహిత్యం చదివేవారికి తెలుసు. అటువంటి రచయిత కథలను తలకెత్తుకోవడం సాహసమే. శంకర్ నాగ్ ఆ సాహసం ముప్ఫయిరెండేళ్ళు నిండకుండానే చేశాడు. 1990లో రోడ్డు ప్రమాదంలో పోయేనాటికి ఆయనకు ముప్ఫయిఆరైనా నిండలేదు.

ఇందులో భూతాలు లేవు, కుట్రలు లేవు. లెక్కల పరీక్ష వుంది, క్రికెట్ జట్టు వుంది, తండ్రి కళ్ళజోడు వెనుకనుంచి చూసే చూపు వుంది. ఒక్కొక్క భాగం అరగంటలోపే. పిల్లలకు స్వామి కావాలి. పెద్దలకు మాత్రం 'లీలా స్నేహితుడు' కథ చూడమని చెబుతాను. సిద్ధ అనే పనివాడు ఆ యింటి పసిపిల్ల లీలకు ప్రాణస్నేహితుడవుతాడు. పిల్ల మెడలో గొలుసు కనబడదు. అనుమానం సిద్ధమీదికి పోతుంది. పోలీసులు వస్తారు. చివరకు గొలుసు చింతపండు కుండలో దొరుకుతుంది. అయినా అలాంటివాణ్ణి ఇంట్లో ఎలా పెట్టుకుంటామంటాడు నారాయణ్ కథలో తండ్రి. చిన్న కథే. మన ఇళ్ళల్లో పనిమనిషి వున్న ప్రతి ఇంటికీ తగులుతుంది. మా అత్తగారు అది చూసి, "చింతపండు కుండ వెతక్కుండా పోలీసుల్ని పిలుస్తారుటే!" అని ఆ రాత్రి అన్నం తినేటంతసేపూ ఆ తండ్రిని చీవాట్లు పెడుతూనే వున్నారు. నా మూడవ తూనికరాయికి ఇంతకన్న ఏం కావాలి?

వీధి మొగలో మనుషులు: 'నుక్కడ్'

1986లోనే వచ్చిన మరో సీరియల్ 'నుక్కడ్'. నుక్కడ్ అంటే వీధి మొగ. కుందన్ షా, సయీద్ మీర్జా దీని దర్శకులు. రెండవ తూనికరాయి వేసి చూస్తే ఇది అన్నిటికన్న బరువు తూగుతుంది. ఎందుచేతనంటే ఇందులో చాలామంది ఏదో ఒక పని చేసుకుని బ్రతికేవాళ్ళే. గురు కరెంటు పనిచేస్తాడు. హరి సైకిళ్ళు బాగుచేస్తాడు. కాదర్ భాయికి ఫలహారాల దుకాణం. రాధ నాలుగిళ్ళల్లో పాచిపని చేస్తుంది. గణపత్ పోలీసు జవాను. వీళ్ళందరి మధ్యా ఖోప్‌డీ అనే తాగుబోతు. సమీర్ ఖఖ్ఖర్ ఆ వేషంలో ఎంత ఇమిడిపోయాడంటే, ఆ తరువాత జీవితమంతా జనం ఆయనను ఆ పేరుతోనే గుర్తుపట్టారు.

వీళ్ళకు వచ్చే కష్టాలు మీకూ నాకూ తెలిసినవే. అద్దె కట్టాలి, అప్పు తీర్చాలి, ఒకరికి జబ్బు చేస్తే నలుగురూ చందా వేసుకోవాలి. నవ్విస్తూనే సాగుతుంది. నగరంలో ఒక మూల బ్రతికే మనుషులకు కులం, మతం, భాష వేరైనా ఒకరికొకరు ఎలా ఆసరా అవుతారో ఉపన్యాసం లేకుండా చూపిస్తుంది. హిందీ అంతగా రానివారికి కూడా సులువు. బజారు మాట కదా!

మూడు తరాల ఇల్లు: 'బునియాద్'

బునియాద్ అంటే పునాది. 'హమ్ లోగ్' వ్రాసిన మనోహర్ శ్యామ్ జోషియే దీనినీ వ్రాశారు. 'షోలే' తీసిన రమేశ్ సిప్పీ, ఆయనతోపాటు జ్యోతి సరూప్ దర్శకత్వం వహించారు. 1986, 87లలో వందకుపైగా భాగాలుగా వచ్చింది. 1916లో లాహోరులో మొదలయ్యే కథ 1978లో ఢిల్లీలో ముగుస్తుంది. హవేలీరామ్ మాస్టారు, ఆయన భార్య లాజోజీ, వారి పిల్లలు, పిల్లల పిల్లలు. మధ్యలో దేశం రెండు ముక్కలవుతుంది. ఇల్లూ వాకిలీ వదిలేసి వచ్చిన కుటుంబం కొత్త ఊళ్ళో మళ్ళీ పొయ్యి రాజేసుకోవాలి.

అత్తాకోడళ్ళ కథ కావాలనేవారికి నేను చెప్పేది ఇదే. ఇందులోనూ తగవులున్నాయి. ఆస్తి పేచీలున్నాయి. తల్లిమాట వినని కొడుకులున్నారు. అయితే ఆ తగవుల వెనుక చరిత్ర వుంది. ఎవరూ పుట్టుకతో దుర్మార్గులు కారు. లేమి ఒకణ్ణి ఒకలా మారుస్తుంది, కలిమి ఇంకొకణ్ణి ఇంకొకలా మారుస్తుంది. లాజోజీగా అనితా కన్వర్ చిన్న వయసులోనే ముసలితనం నటించిన తీరు చూసి తీరవలసిందే. విభజన మన తెలుగుదేశానికి దూరపు వార్త. పుస్తకంలో రెండు పేజీలు. ఆ రెండు పేజీలు ఒక ఇంటి వంటగదిలో ఎలా వుంటాయో ఈ సీరియల్ చూస్తే అర్థమవుతుంది.

పెద్దలకు మాత్రం: 'తమస్'

ఇది పసిపిల్లలతో చూసేది కాదు. హైస్కూలు దాటిన పిల్లలతో కూర్చుని తప్పక చూడవలసినది. భీష్మ సాహ్నీ 1974లో ప్రచురించిన నవలకు 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. సాహ్నీ రావల్పిండిలో పుట్టినవారు. విభజననాటి ఘోరాలను కళ్ళారా చూసినవారు. 1970లో భివండిలో మతకల్లోలం జరిగినప్పుడు అక్కడికి వెళ్ళి చూశాక ఆ పాత జ్ఞాపకాలు కదిలి ఈ నవల పుట్టింది. గోవింద్ నిహలానీ దానిని సుమారు అయిదు గంటల చిత్రంగా మలిచారు. 1988లో దూరదర్శన్ ప్రసారం చేసింది.

నాథు అనే తోళ్ళపనివాడిచేత ఎవరో ఒక పందిని చంపిస్తారు. పశువుల డాక్టరుకు కావాలని చెబుతారు. తెల్లవారేసరికి దాని కళేబరం మసీదు మెట్లమీద వుంటుంది. అంతే, ఊరు అంటుకుంటుంది. తన చేతిమీదుగా ఏం జరిగిందో తెలిసిన నాథు ఆ బరువుతో తిరిగే తీరు, ఓం పురి మొహంలో చూడాలి. రచయిత భీష్మ సాహ్నీ స్వయంగా ఒక ముసలి సర్దారు వేషం వేశారు. ఈ ప్రసారం ఆపించాలని కొందరు కోర్టుకు వెళ్ళారు. బొంబాయి హైకోర్టు న్యాయమూర్తులు స్వయంగా చిత్రం చూసి ప్రసారానికి అనుమతించారు. సుప్రీంకోర్టు కూడా దానినే ఖాయపరచింది. మంటను చూపించడం వేరు, మంట పెట్టడం వేరు అన్న తేడా ఆనాడు న్యాయస్థానంలో నిలబడింది. పుకారు అరచేతిలోని ఫోనులో క్షణంలో ఊరంతా తిరిగి వచ్చే ఈ కాలంలో నాథు కథ పాతబడలేదు. పాతబడితే బాగుండును.

చదువుకునే పిల్లలకు: 'భారత్ ఏక్ ఖోజ్'

జవహర్‌లాల్ నెహ్రూ అహమద్‌నగర్ కోటలో ఖైదీగా వుండి వ్రాసిన గ్రంథాన్ని ఆధారం చేసుకుని శ్యామ్ బెనెగల్ తీసిన 53 భాగాల సీరియల్ ఇది. 1988లో మొదలైంది. బెనెగల్ మనవాడే అని చెప్పుకోవచ్చు. హైదరాబాదులో పుట్టి పెరిగి, అక్కడే చదువుకున్నారు. ఆయన మొదటి కథాచిత్రం 'అంకుర్' తెలంగాణా పల్లెలో నడిచిన కథ. 2024 డిసెంబరులో కన్నుమూశారు.

సింధులోయనుంచి స్వాతంత్ర్యందాకా అయిదువేల ఏళ్ళు. రోషన్ సేథ్ నెహ్రూ వేషంలో వచ్చి మాట్లాడుతూ వుంటే, ఓం పురి గొంతు కథను నడిపిస్తుంది. వేదకాలం వస్తుంది, అశోకుడు వస్తాడు, శాకుంతలం వస్తుంది, తమిళుల శిలప్పదికారం వస్తుంది, విజయనగరం వస్తుంది. ప్రారంభగీతం ఋగ్వేదంలోని నాసదీయసూక్తం. సృష్టికి ముందు ఏమున్నదని అడిగి, జవాబు ఎవరికి తెలుసునన్న సందేహంతోనే ముగిసే సూక్తం అది. చరిత్ర చెప్పబోతూ ముందు ప్రశ్నకు దండం పెట్టడం ఎంత బాగుందో చూడండి! ఖర్చుపెట్టి కట్టిన కోటలూ, కిరీటాలూ ఇందులో కనిపించవు. ఆ లోటు నటులు తీర్చారు. పరీక్షకు చదివే చరిత్ర పరీక్షతో పోతుంది. ఇది పోదు.

మన భాషలో మన నవ్వు: 'అమృతం'

ఇన్నీ హిందీవేనా, తెలుగులో ఏమీ లేవా అని మీరు అడగబోతున్నారని తెలుసు. ఉన్నాయి. మంజులా నాయుడి 'ఋతురాగాలు' కోసం దూరదర్శన్ ముందు కూర్చున్న తరం వుంది. ధర్మవరపు సుబ్రహ్మణ్యం 'ఆనందోబ్రహ్మ' చూసి నవ్విన తరం వుంది. అయినా ఒక్కటే చెప్పమంటే 'అమృతం' చెబుతాను. గుణ్ణం గంగరాజు నిర్మాణంలో 2001నుంచి 2007దాకా జెమిని టీవీలో ఆదివారం రాత్రి వచ్చేది. అమృతరావు, అతని స్నేహితుడు ఆంజనేయులు, వాళ్ళ హోటలు 'అమృత విలాస్', పనివాడు సర్వం, అద్దెకోసం ప్రాణాలు తోడే ఇంటివాడు అప్పాజీ.

ఆరేళ్ళు నడిచింది కదా, మరి దీనికి ముగింపు ఎక్కడుందంటారేమో. ప్రతి వారం వుంది. ఒక వారం వేసిన పథకం ఆ వారమే బోల్తా కొడుతుంది. మళ్ళీ వారం కొత్త పథకం. అమృతరావు వేషం శివాజీరాజా వేశాడు, తరువాత నరేష్ వేశాడు, ఆ తరువాత హర్షవర్ధన్ వేశాడు. మనుషులు మారినా అమృతరావు మారలేదు. ఆంజనేయులుగా మాత్రం గుండు హనుమంతరావే చివరిదాకా వున్నారు. ఆయన 2018లో పోయినప్పుడు దగ్గరివాణ్ణి పోగొట్టుకున్నట్టు ఎన్నో ఇళ్ళు బాధపడ్డాయి. ఇందులో ఎవరినీ కించపరిచే బూతు లేదు, ఒకరినొకరు చెంపమీద కొట్టుకోవడం లేదు. మధ్యతరగతి మనిషి అత్యాశా, అతి తెలివీ, అంతలోనే జాలిగుండే! అద్దంలో చూసుకుని నవ్వుకోవడం ఆరోగ్యానికి మంచిదే.

అత్తగారి ప్రశ్న

ఈ జాబితా అంతా విన్నాక మా అత్తగారు ఒక ప్రశ్న వేశారు. "బాగానే వుందమ్మాయ్! నీ తమస్సు అయిదు గంటల్లో అయిపోతుందంటివి. ఆరో గంటకి నాకు తోడెవరు?"

తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదది. ఉద్యోగాలకూ, చదువులకూ అందరూ బయటికి పోయాక పెద్దవాళ్ళు ఇంట్లో ఒక్కరే మిగిలిపోతారు. పిల్లలు అమెరికాలో వుండి, రెండు గదుల ఫ్లాటులో ఇద్దరే మిగిలిన దంపతులు మన ఊళ్ళో ఎంతమంది లేరు! రాత్రి ఏడున్నరకు తప్పకుండా వచ్చే మనుషులు వారికి ఆ సీరియల్‌లోని మనుషులే. కథ బాగుందా, లేదా అని వారు చూడరు. వచ్చిందా, లేదా అని చూస్తారు. వారి చేతిలోని రిమోటు లాక్కుని "ఇదేం కథ!" అని వెక్కిరించే హక్కు మనకు లేదు. మనం ఇవ్వని తోడు అది ఇస్తున్నది.

అయితే రోజూ వచ్చే కథకు ముగింపు వుండకూడదని ఎక్కడుంది? జపాను దేశపు 'ఓషిన్' చూడండి. సుగాకో హషిదా అనే రచయిత్రి వ్రాసింది. అక్కడి ప్రభుత్వరంగ ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. 1983 ఏప్రిల్‌లో మొదలుపెట్టి 1984 మార్చిలో ముగించింది. రోజుకు పదిహేను నిమిషాలు, మొత్తం 297 భాగాలు. సగటున నూటికి యాభైరెండు ఇళ్ళకు పైగా చూశాయి. అరవైకిపైగా దేశాలకు వెళ్ళింది. ఎనభై దాటిన ఓ సంపన్న వృద్ధురాలు, కుటుంబంవారు కొత్త దుకాణం తెరిచే రోజున చెప్పకుండా ఇల్లు విడిచి వెళ్ళిపోతుంది. మనవడు వెదుక్కుంటూ వస్తాడు. అతనితో తిరుగుతూ తన కథ చెబుతుంది. ఏడేళ్ళ వయసులో ఒక బస్తా బియ్యానికి తల్లిదండ్రులు పనికి కుదిర్చిన కౌలురైతు బిడ్డ ఆమె. అక్కడినుంచి మొదలై మళ్ళీ ఆ ముసలితనానికి వచ్చి ఆగుతుంది. ఏడాదిపాటు ఇంటికి రోజూ ఒక చుట్టం వచ్చి, చెప్పవలసింది చెప్పి, మర్యాదగా సెలవు తీసుకున్నట్టు! మన రచయిత్రులకు ఇది చేతకాదా? వారపత్రికల్లో నలభై వారాలు కథ నడిపి, చదువరుల చేత కంటతడి పెట్టించి ముగించిన జాతి మనది. ముందు ముగింపు వ్రాసుకోనిచ్చే చానలు కావాలి, అంతే.

అలాంటిది వచ్చేదాకా మా ఇంట్లో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఏడున్నర సీరియల్ అత్తగారిది. దానికి ఎవరూ అడ్డుపడరు. ఆదివారం సాయంత్రం మాత్రం అందరిదీ. ఆ పూట పైన చెప్పిన వాటిలో ఒకటి.

ఎలా చూడాలి?

చివరగా ఒక్క మాట. ఇప్పుడు పాత సీరియళ్ళు ఇంటర్నెట్టులో చాలావరకు దొరుకుతున్నాయి. దొరికాయి కదా అని రాత్రంతా కూర్చుని ముప్ఫయి భాగాలు మింగేయకండి. విందుభోజనం అయినా ఒక పూటలో తినగలిగింది ఇంతే. ఈ కథలు వారానికి ఒకటీ రెండుగా కట్టిన కథలు. మధ్యలో ఆలోచించుకోవడానికి చోటు విడిచిపెట్టి అల్లినవి. ఆ చోటు మనం నింపాలి.

నా లెక్క చెబుతాను. 'మాల్గుడి డేస్' మొదటి విడత 39 భాగాలు. ఆదివారానికి మూడు చొప్పున చూస్తే పదమూడు ఆదివారాలు. దసరా వెళ్ళాక మొదలుపెడితే సంక్రాంతి ముగ్గులనాటికి పూర్తి. ఒక్క పూటకు గంటా, గంటంబావు. హిందీ వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చెబుతూ వుండండి. తాతగారికి మనవరాలు తెలుగులో చెప్పే మాటలు వినడానికి ఒక్కొక్కప్పుడు అసలు కథకన్న బాగుంటాయి. ఫోనులు పక్కగదిలో పెట్టండి. అయిపోగానే తెర ఆపేసి, ఎవరి మటుకు వాళ్ళు లేచిపోకుండా కాసేపు కూర్చోండి. సిద్ధను మళ్ళీ పనిలో పెట్టుకోవాలా, వద్దా అన్నది మీ ఇంట్లో ఎవరెవరు ఏమంటారో చూడండి. మా ఇంట్లో ఈ విషయం ఇంకా తేలలేదు.